పజిల్ ప్లాట్‌ఫార్మర్ ఆటపై ఆటగాళ్ళ స్పందన: ‘చిక్కు’, ‘గురి’, ‘తొండి’ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గేమ్ జామ్‌లలో స్వల్పవ్యవధిలో తయారయ్యే పాతకాలపు శైలి పజిల్ ప్లాట్‌ఫార్మర్ ఆటలకు ఆటగాళ్ళ స్పందనే తొలి పరీక్ష. ‘కష్టంగా ఉంది’ అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు ఆటంకాలు కలిసిపోతాయని, వాటిని విడదీసి చెప్పగల మాటలు తెలుగువారి ఆటల వాడుకలోనే ఉన్నాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గేమ్ జామ్, పజిల్ ప్లాట్‌ఫార్మర్, ఆటగాళ్ళ స్పందన, పులిజూదం, తొండి.

1. ఉపోద్ఘాతం:
నిర్ణీత వ్యవధిలో, ఇచ్చిన అంశంపై కంప్యూటర్ ఆటను రూపొందించే కార్యక్రమాన్ని గేమ్ జామ్ అంటారు. కాలనియమం, అంశనియమం ఉన్న సృజన తెలుగువారికి కొత్త కాదు. కమలాపురానికి సమీపంలోని ప్రొద్దుటూరు దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని వంటి అవధానులకు నెలవైన ఊరు. అవధానంలో పృచ్ఛకుడు ఎదురుగా ఉండి అడుగుతాడు, వెంటనే వింటాడు. గేమ్ జామ్‌లో మాత్రం ఆట పూర్తయిన తరువాతనే పరీక్షకులు వస్తారు.

2002లో మొదలైన ‘లూడమ్ డేర్’ ఇటువంటి కార్యక్రమాలలో ప్రసిద్ధమైనది. దాని ప్రధాన పోటీలో ఒక్కరే 48 గంటలలో ఆటను తయారుచేయాలి. ఆపై పాల్గొన్నవారే పరస్పరం ఆటలు ఆడి వినోదం, నవ్యత, అంశానుగుణ్యం, చిత్రణ, ధ్వని వంటి విభాగాలలో విలువ కడతారు, అభిప్రాయాలు రాస్తారు. అంకెలు ఆట స్థాయిని తెలుపుతాయి గాని, ఏది సవరించుకోవాలో తెలిపేవి మాటలే.

2. ఆట స్వరూపం:
అరుగు నుండి అరుగుకు ఎగురుతూ, దుముకుతూ, నిచ్చెనలెక్కుతూ సాగే ఆటలను ప్లాట్‌ఫార్మర్‌లంటారు. ఆ కదలికలకు ఆలోచనతో విప్పవలసిన చిక్కుముడి తోడైతే అది పజిల్ ప్లాట్‌ఫార్మర్. 1983లో వెలువడిన ‘లోడ్ రన్నర్’ ఇందుకు తొలినాటి ఉదాహరణలలో ఒకటి. అందులో ఆటగాడు నేలలో గుంతలు తవ్వి, వెంటాడే కావలివాళ్ళను తప్పించుకుంటూ బంగారం సేకరించాలి. ఎక్కడ, ఏ వరుసలో తవ్వాలన్నదే చిక్కు.

పాతకాలపు శైలిని నేడు కావాలని ఎంచుకునేవారున్నారు. ‘పికో-8’ అనే సాధనం 128×128 చుక్కల తెరకు, 16 రంగులకు పరిమితం. ఈ పరిమితి పనిని తగ్గిస్తుంది కనుక జామ్‌లకు అనువైనది. అయితే 8×8 చుక్కల బొమ్మలో ముల్లుకూ గడ్డిపోచకూ తేడా తెలియడం కష్టం. గీసినవారికి అది ముల్లని తెలుసు. ఆటగాడికి చచ్చిన తరువాతనే తెలుస్తుంది.

3. జానపదక్రీడలో పరిభాష:
కడప, కర్నూలు ప్రాంతాల పల్లెలలో రచ్చబండలపై, గుడి మండపాల నేలబండలపై పులిజూదం గీతలు కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు కూడళ్ళు గల ఈ ఆటలో పులి మేకపై నుండి దూకి దానిని చంపుతుంది. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టివేస్తే మేకలవాడు గెలుస్తాడు. పులి కట్టుబడినప్పుడు ఓడినవాడు ఆటను నిందించడు, తన ఎత్తును తిరిగి తలచుకుంటాడు. ఒప్పుకున్న నియమాన్ని ఎదుటివాడు మీరితే మాత్రం ‘తొండి’ అంటాడు. గోలీలాటలో దెబ్బ తగలకపోతే అనే మాట వేరు: ‘గురి తప్పింది’. ఈ విధంగా ఓటమికి మూడు కారణాలను తెలుగు వాడుక ముందే వేరుచేసింది.

4. మూడు ఆటంకాలు:
అ) చిక్కు: ఆటగాడికి దారి తోచలేదు. నియమాలన్నీ తెలిసీ తోచకపోతే అది ఆట లోపం కాదు, అదే ఆట. దీనిని తొలగిస్తే ఆటే మిగలదు.

ఆ) గురి: దారి తెలిసింది, దూకు కుదరలేదు. ఇక్కడ నియమాన్ని కాస్త సడలించవచ్చు. మాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ ఒక గేమ్ జామ్‌లో నాలుగు రోజులలో పికో-8పై చేసిన ‘సెలెస్ట్’ను విస్తరించి 2018లో పూర్తి ఆటగా విడుదల చేశారు. ఈ పూర్తి ఆటలో పాత్ర అంచు దాటిన తరువాత కూడా సెకనులో పదోవంతు సేపు దూకడానికి వీలుంటుంది. ఆటగాడు ఈ వెసులుబాటును గమనించడు. తన గురి కుదిరిందనే అనుకుంటాడు.

ఇ) తొండి: ఆట తాను చూపిన నియమాన్ని తానే మీరింది. నిలబడదగిన అరుగులా కనిపించినది వెనుకనున్న బొమ్మ మాత్రమే కావడం, పెట్టెను ఒకసారి మూలకు తోస్తే వెనక్కి రాక దశ మొదటినుండి ఆడవలసి రావడం, మళ్ళీ మొదలుపెట్టే మీట ఏదో చెప్పకపోవడం ఇటువంటివి. వీటిని సవరించక తప్పదు.

పజిల్ ప్లాట్‌ఫార్మర్‌లో ఈ మూడూ ఒకదాని వేషంలో మరొకటి వస్తాయి. సరైన దారి కనుగొన్న ఆటగాడు నాలుగుసార్లు దూకి పడిపోతే, దారే తప్పనుకుని దానిని వదిలివేస్తాడు. అతడు ‘దారి తెలియడం లేదు’ అని రాస్తాడు. ఆ మాటను నమ్మిన రూపకర్త చిక్కును సులభం చేస్తాడు. నిజానికి సవరించవలసింది అరుగుల మధ్య దూరం. మంచి చిక్కు పోతుంది, లోపం మిగులుతుంది.

5. స్పందన చెప్పడం, వినడం:
కాబట్టి స్పందనలో తీర్పు కంటే వర్ణన విలువైనది. ఏ దశలో ఆగారు, ఏమి ప్రయత్నించారు, ఎన్నిసార్లు, అప్పుడు ఏమనుకున్నారు అన్న నాలుగు విషయాలు చెబితే ఆటంకం ఏ రకానిదో రూపకర్త పోల్చుకోగలడు. ‘ఇక్కడ ఒక నిచ్చెన పెట్టండి’ వంటి సలహాను పరిష్కారంగా కాక, అక్కడ ఏదో అడ్డుపడుతోందనడానికి గుర్తుగా తీసుకోవాలి.

రూపకర్త పాటించవలసిన నియమం కూడా పులిజూదంలో ఉన్నదే. పక్కన కూర్చున్నవాడు ఎత్తు చెబితే ఆట చెడుతుంది. తన ఆటను ఇతరులు ఆడుతున్నప్పుడు రూపకర్త వివరణ ఇవ్వక మౌనంగా చూడాలి. చేయి ఎక్కడ తడబడిందో, చూపు ఎక్కడ నిలిచిందో రాసుకోవాలి. తన ఆట గుట్టు తెలిసినవాడు కనుక ఆ తడబాటును అతడు సొంతంగా ఊహించలేడు.

6. ముగింపు:
గేమ్ జామ్ ఆట స్వల్పవ్యవధిలో పుడుతుంది. అది నిలిచేదీ లేనిదీ తొలి ఆటగాళ్ళ మాటలపైనా, వాటిని రూపకర్త అర్థం చేసుకునే తీరుపైనా ఆధారపడుతుంది. చిక్కును ఉంచాలి, గురికి వెసులుబాటు ఇవ్వాలి, తొండిని తీసివేయాలి. కమలాపురం వంటి ఊళ్ళ నుండి చదువుకోసం వచ్చి తొలి ఆట తయారుచేసే విద్యార్థికి ‘బాగుంది’, ‘కష్టంగా ఉంది’ అనే రెండు మాటలతో ఒరిగేది తక్కువ. రచ్చబండ మీది ఈ మూడు మాటలు ఆ లోటును తీర్చగలవు. జానపదక్రీడల పదజాలాన్ని సేకరించే పరిశోధకులు ఆట పేర్లతో, నియమాలతో ఆగక, ఓడినవాడు తన ఓటమిని ఏ మాటతో చెప్పుకున్నాడో కూడా నమోదు చేయవలసిన అవసరం ఉంది.