మందు పడకపోతే: వైద్య నిర్లక్ష్య వ్యాజ్యాలలో ఔషధ శాస్త్ర నిపుణుల పాత్ర

సోలాపూరులో కొంతం చౌక్ పరిసరాల మగ్గాల వాడలలో జబ్బు చేసిన ఇంటికి రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. కూలి ఆగిపోవడం ఒకటి, ఆసుపత్రి కాగితాలు అర్థం కాకపోవడం మరొకటి. మందు చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, నర్సు మరాఠీలో చెబుతుంది, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మందు వాడిన తరువాత ఒళ్లంతా బొబ్బలెక్కినా, వినికిడి తగ్గినా, "మందు పడలేదు" అన్న ఒక్క మాటతో సంగతి ముగిసిపోతుంది. ఆ కీడుకు కారణం మందు సహజ దుష్ప్రభావమా, రోగి శరీర తత్వమా, లేక ఇచ్చిన తీరులోని పొరపాటా అన్నది పరిశీలించే శాస్త్రమే ఔషధ శాస్త్రం, అనగా ఫార్మకాలజీ. వైద్య నిర్లక్ష్య వ్యాజ్యాలలో ఆ శాస్త్ర నిపుణుల అభిప్రాయానికి విశేష ప్రాధాన్యం ఉంది.

నిపుణుడు పరిశీలించే అంశాలు

వైద్యం ఫలించనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. ఆ పరిస్థితిలో సాధారణ నైపుణ్యం గల వైద్యుడు తీసుకోవలసిన జాగ్రత్తను తీసుకోకపోవడమే నిర్లక్ష్యమని న్యాయస్థానాలు భావిస్తాయి. మందుకు సంబంధించిన వ్యాజ్యంలో ఔషధ నిపుణుడు ముఖ్యంగా నాలుగు ప్రశ్నలకు సమాధానం వెదుకుతాడు. ఆ జబ్బుకు ఆ మందు తగినదేనా? మోతాదు, ఎన్ని గంటలకు లేక ఎన్ని రోజులకు ఒకసారి ఇవ్వాలన్న వ్యవధి సరిగా ఉన్నాయా? రోగి వయస్సు, మూత్రపిండాల స్థితి, అంతకు ముందు పడని మందులు, అప్పటికే వాడుతున్న మందులు గమనించారా? జరిగిన కీడు ఆ మందు వల్లనే జరిగిందా?

చివరి ప్రశ్న అన్నింటికంటె కఠినమైనది. మందు ఇచ్చిన ఎంతసేపటికి లక్షణం కనిపించింది, మందు ఆపగానే తగ్గిందా, ఆ లక్షణానికి వేరొక కారణం ఉండవచ్చునా అన్న అంశాలను నిపుణులు తూచి చూస్తారు. 1981లో వెలువడిన నరాంజో కొలమానంలో ఇటువంటి ప్రశ్నలు పది ఉన్నాయి. వచ్చిన మార్కులను బట్టి మందుకూ కీడుకూ గల సంబంధాన్ని నిశ్చితం, సంభావ్యం, సాధ్యం, సందేహాస్పదం అని నాలుగు తరగతులుగా విభజిస్తారు.

మూడు తీర్పులు

అమికాసిన్ అనే ఇంజెక్షన్ వినికిడిని దెబ్బతీయగలదు. అది మూత్రపిండాల ద్వారా విసర్జితమయ్యే మందు కనుక, అవి చెడిన రోగి ఒంట్లో ఎక్కువ కాలం నిలిచిపోతుంది. ముంబయిలో మూత్రపిండాల వ్యాధిగ్రస్తుడొకరు ఈ మందు వల్ల తన వినికిడి పోయిందని వ్యాజ్యం వేశారు. జాతీయ వినియోగదారుల కమిషన్ ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. కాని 2009 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మార్టిన్ డిసౌజా కేసులో ఆ తీర్పును రద్దు చేసింది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ నుండి ప్రాణం కాపాడడానికే ఆ మందు వాడారన్న వైద్య నిపుణుల నివేదిక అక్కడ వైద్యునికి రక్షణ అయింది. హాని తెలిసిన మందు ఇవ్వడమే తప్పు కాదు; అంతకంటె పెద్ద ముప్పు ఎదుట ఉన్నదా అన్నదే ప్రశ్న.

అదే సంవత్సరం ఆగస్టులో అనురాధా సాహా కేసులో ఫలితం వేరుగా వచ్చింది. అమెరికా నుండి కోల్‌కతాకు వచ్చిన ఆమెకు 1998లో ఒంటిపై దద్దుర్లు లేచాయి. డెపోమెడ్రాల్ అనే స్టెరాయిడ్‌ను 80 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు సూచించారు. అది ఒంట్లో చాలా రోజులు పనిచేసే మందు. ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ నడుమ రోజుల తరబడి వ్యవధి ఉండాలి. చర్మం ఊడిపోయే వ్యాధి ముదిరి ఆమె మరణించింది. వైద్య గ్రంథాలను, నిపుణుల అభిప్రాయాలను పరిశీలించిన సుప్రీంకోర్టు, క్రిమినల్ నేరం రుజువు కాలేదంటూనే, చికిత్సలో నిర్లక్ష్యం జరిగిందని నిర్ణయించింది. 2013లో దాదాపు రూ. 6 కోట్ల పరిహారాన్ని, దానిపై వడ్డీని మంజూరు చేసింది.

మూడవది తెలుగు నేలకు చెందిన వి. కిషన్ రావు కేసు. 2002లో హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయన భార్య జ్వరంతో చేరారు. ఆమెకు టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. వేరొక ఆసుపత్రికి తరలించాక పరీక్షలో మలేరియా బయటపడింది. అప్పటికే ఆలస్యమై ఆమె మరణించారు. జిల్లా ఫోరం రూ. 2 లక్షల పరిహారం ఇమ్మన్నది. నిపుణుని సాక్ష్యం లేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ దానిని కొట్టివేసింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును పునరుద్ధరిస్తూ, ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. మలేరియాకు చికిత్స చేయలేదని వైద్యుడే సాక్ష్యంలో ఒప్పుకున్నప్పుడు నిపుణుడు చెప్పవలసింది మిగలలేదు. తప్పు కంటికి కనిపించనంత చిక్కు ఉన్న చోటనే నిపుణుని అవసరం.

నిపుణుని హద్దులు

ఔషధ నిపుణుడు తీర్పరి కాడు. మందు ఏమి చేసిందో అతడు చెబుతాడు. ఆ స్థితిలో వైద్యుని నడవడి సమంజసమా అన్నదానికి ఆ వైద్య విభాగపు నిపుణుని మాట కూడా కావాలి. ఇద్దరి మాటలనూ తూచి నిర్ణయించేది న్యాయస్థానమే. క్రిమినల్ కేసు విషయంలో, వైద్యునిపై చర్యకు ముందు స్వతంత్ర వైద్యాభిప్రాయం, వీలైతే ప్రభుత్వ వైద్యుని అభిప్రాయం, తీసుకోవాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

కుటుంబం చేయవలసినది

నిపుణుడు రోగిని చూడకపోవచ్చు. అతడు చూసేది కాగితాలను. కేస్ పేపరు, మందు చీటీ, మందుల దుకాణం రసీదు, రక్తపరీక్షల నివేదికలు, డిశ్చార్జి కార్డు, వాడిన మందు అట్ట లేక సీసా, ఇవేవీ పారవేయరాదు. అట్టపై ఉన్న బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా సాక్ష్యమే. ఏ పూట మందు ఇచ్చారు, ఏ పూట లక్షణం కనిపించింది అన్నది తెలుగులోనైనా సరే తేదీతో రాసి ఉంచుకోవాలి. కోరిన 72 గంటలలోగా రోగికి వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతున్నది.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు సాధారణ గడువు రెండు సంవత్సరాలు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు ఆ చట్టం కిందికి రావు, అయితే ఇ.ఎస్.ఐ. వైద్యసేవలు వస్తాయని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. మిల్లులో, కార్ఖానాలో ఇ.ఎస్.ఐ. చందా కట్టే కార్మికులకు ఇది ముఖ్యమైన విషయం. మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం అందిస్తుంది. అందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

వ్యాజ్యం ఉద్దేశం లేకపోయినా మందు పడని సంగతిని 1800-180-3024 నంబరుకు తెలియజేయవచ్చు. ఇది దేశవ్యాప్త ఔషధ భద్రతా కార్యక్రమపు ఉచిత ఫోను. అది వైద్యునిపై ఫిర్యాదు కాదు. అదే మందు రేపు మరొక ఇంటికి కీడు చేయకుండా చూసే ముందు జాగ్రత్త. "మందు పడలేదు" అన్న మాట ఇంటి గడప దాటి కాగితం మీదికి ఎక్కినప్పుడే నిపుణుడు దానిని పరిశీలించగలడు, న్యాయస్థానం దానిని వినగలదు.