శనగగింజంత ఉన్నప్పుడే

మంగినపూడి నుంచి గుడివాడ దాకా ఏ ఊళ్లోనైనా గేదె పొదుగు గట్టిపడితే పూట గడవకముందే పశువుల డాక్టరుకు కబురు వెళ్తుంది. పొదుగువాపు పాలను పోగొడుతుందని అందరికీ తెలుసు. అదే ఇంటి ఆడకుక్కకు పొట్ట కింద చన్నుల దగ్గర శనగగింజంత గడ్డ తగిలితే నెలలు గడిచిపోతాయి. నొప్పి లేదు, తిండి మానలేదు, చూద్దాంలే అనుకుంటారు. ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే. కుక్కల్లో ఈ గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్లు. చేత్తో నొక్కి ఏది ఏదో చెప్పలేం, కోసి తీసిన ముక్కను ల్యాబులో చూడాల్సిందే. పిల్లుల్లో 80 శాతానికి పైగా క్యాన్సర్లే. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండగా ఆపరేషన్ అయిన పిల్లులు సాధారణంగా మూడేళ్లకు పైగా బతికాయని, 3 సెంటీమీటర్లు దాటాక ఆ ఆయుష్షు ఆరు నెలలకు పడిపోయిందని పాత అధ్యయనాలే చెప్పాయి. ఎక్కువగా క్యాన్సర్లే కాబట్టి పిల్లికి గడ్డ ఉన్న వైపు నాలుగు క్షీరగ్రంథుల వరుసనూ పూర్తిగా తీసేస్తారు. కుక్కకు గడ్డ చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండ కొంత కలిపి తీస్తే చాలాసార్లు సరిపోతుంది.

కత్తి తగిలితే రోగం పాకుతుందన్న భయం మన పల్లెల్లో బలంగా ఉంది. గడ్డ ముదిరి, ఊపిరితిత్తులకు చేరాక ఆపరేషన్ చేయించినవాళ్లు తర్వాత జరిగిన చావును కత్తి మీద వేయడం సహజమే. కానీ పాకింది అంతకుముందే. అందుకే డాక్టర్లు ముందు ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. పొట్టంతా ఎర్రగా వాచి, వేడిగా ఉండే ఒక రకం క్యాన్సర్‌కు మాత్రం వాళ్లే ఆపరేషన్ వద్దంటారు. ముసలి కుక్క మత్తుకు తట్టుకోదన్న మాట కూడా సగమే నిజం. గుండె, కిడ్నీల పనితీరు చూశాకే మత్తిస్తారు, వయసొక్కటే అడ్డు కాదు.

అసలు రాకుండా చూసుకోవడం ఇంకా సులువు. మొదటి ఎదకు ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కల్లో ఈ ముప్పు, చేయించనివాటితో పోలిస్తే 0.5 శాతమేనని 1969లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఒక ఎద తర్వాత 8, రెండు దాటితే 26. ఈ లెక్కకు ఆధారం బలహీనమని 2012లో ఒక సమీక్ష అభ్యంతరం చెప్పింది, దాన్ని దాచకూడదు. అయినా గర్భాశయంలో చీముపట్టే జబ్బునూ అదే ఆపరేషన్ ఆపుతుంది కాబట్టి నేను దాని పక్షమే. ఈ ప్రాంతంవాళ్లకు గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది. గోమార్లు ఏరేటప్పుడు చన్నుల వెంట ఓసారి వేళ్లు పోనిస్తే, అక్కడికి ఎప్పుడు బయల్దేరాలో తెలుస్తుంది.