ఒకే గిటారు, రెండు నాదములు: హెవీ మెటల్ నుండి సర్ఫ్ సంగీతమునకు

విద్యుత్ గిటారు తనంతట తాను పెద్దగా మ్రోగు వాద్యము కాదు. దాని దిమ్మ గట్టి చెక్క. వీణకున్నట్లు బోలు కుండ దానికి లేదు. తీగను మీటినచో ప్రక్కన కూర్చున్నవానికి మాత్రమే సన్నగా వినబడును. అయితే ఆ ఉక్కుతీగల క్రింద అయస్కాంతమును, దాని చుట్టు వేలకొలది చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగయు అమర్చబడి యుండును. ఉక్కుతీగ కంపించినపుడు ఆ చుట్టగుండ పోవు అయస్కాంత అభివాహము మారుచుండును. ఫారడే 1831లో కనుగొనిన నియమము ననుసరించి చుట్టలో స్వల్పమైన వోల్టేజి పుట్టును. దీనిని ఆంప్లిఫయరు పెంచి లౌడుస్పీకరునకు అందించును. కావున ఈ వాద్యములో గిటారు సగము, ఆంప్లిఫయరు సగము అని చెప్పవచ్చును.

ఈ మాటలోని నిజము తెలియవలెనన్నచో, హెవీ మెటల్ సంగీతమునకు అలవాటుపడిన యువకుడొకడు సర్ఫ్ సంగీతమునకు మారునపుడు ఏమి జరుగునో చూడవలెను. గిటారు అదే, తీగలు ఆరే, స్వరములు అవే. అయినను మొదటి రోజున వాద్యము అతనికి లొంగదు. స్వరములు పుట్టిన వెంటనే చచ్చిపోవును. ఒక మీటు గట్టిగాను, మరియొకటి మెత్తగాను వినబడును. ఏండ్ల తరబడి సాధించిన వేగమంతయు ఏమైనదా అని అతడు దిగులు పడును. నిజమునకు అది ఎక్కడికిని పోలేదు. ఇంతకాలము అతని చేతిలోని హెచ్చుతగ్గులను యంత్రము కప్పిపుచ్చుచుండెను. ఇపుడు ఆ పని మానినది, అంతే.

ఈ రెండు సంగీతములును పుట్టిన తావులు వేరు. సర్ఫ్ సంగీతము 1960వ దశకము ఆరంభమున అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా సముద్రతీరమున పుట్టినది. అలలమీద పలకనెక్కి జారు క్రీడకు ఇంగ్లీషులో సర్ఫింగ్ అని పేరు. ఆ క్రీడలో ఆరితేరిన డిక్ డేల్ అను యువకుడు 1961లో బాల్బోవాలోని రాండేవూ నాట్యశాలలో వాయించుచు, అలక్రింద చిక్కిన వానికి చెవులలో మ్రోగు హోరును గిటారులో వినిపింపవలెనని పట్టుపట్టెను. హెవీ మెటల్ దీనికి దాదాపు పదేండ్లు చిన్నది. అది ఇంగ్లండులో, ఇనుప కార్ఖానాల నగరమైన బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ అను బృందముతో ప్రారంభమైనదని చెప్పుదురు. వారి తొలి రికార్డు 1970లో వెలువడెను. తీరము, కార్ఖానా అను ఈ భేదము చూచుటకు ఇంపుగా నున్నను, అసలు భేదము అక్కడ లేదు. అది ఆంప్లిఫయరు హద్దు దగ్గర నున్నది.

ప్రతి ఆంప్లిఫయరునకును ఒక హద్దు కలదు. అది ఇయ్యగల గరిష్ఠ వోల్టేజి ఇంత అని ఉండును. లోనికి వచ్చు తరంగము ఆ హద్దునకు లోబడి యున్నంతవరకు ఆకారము చెడకుండ పెద్దదగును. హద్దు దాటినచో తరంగ శిఖరములు కత్తిరించినట్లు చదునైపోవును. గుండ్రని కొండ కొనను నరికి బల్లపరుపు చేసినట్లు ఊహించుకొనవచ్చును. దీనినే డిస్టార్షన్ అందురు. రేడియోలు, సినిమాహాళ్ల యంత్రములు చేయువారు దీనిని దోషముగా నెంచి నివారించుటకు ఎంతో పాటుపడిరి. హెవీ మెటల్ వాయించువారు దీనినే కోరి తెచ్చుకొందురు!

శిఖరము చదునైన తరంగములో మూలస్వరముతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యము గల అనుస్వరములు అధికమగును. ధ్వనికి గరగరలాడు పదును వచ్చుట ఇందువలననే. కాని వాయించువాని చేతికి దీనికంటె ముఖ్యమైన ఫలితము మరియొకటి కలదు. తీగను మీటినపుడు పుట్టిన వోల్టేజి హద్దునకు పది రెట్లున్నదనుకొందము. అది సెకనుకు సగము చొప్పున తగ్గుచున్నచో పదవ వంతునకు దిగుటకు 3.3 సెకన్లు పట్టును. అంతవరకును లౌడుస్పీకరునుండి వచ్చు ధ్వని దాదాపు ఒకే మట్టమున నుండును. ఏలయన ఎంత వచ్చినను యంత్రము ఇచ్చునది హద్దు మేరకే గదా. గట్టిగా మీటినను, మెత్తగా మీటినను ఇదే సంగతి. హద్దునకు పది రెట్లున్న మీటునకును, అయిదు రెట్లున్న మీటునకును బయట వినబడు పరిమాణములో భేదము అతిస్వల్పము. స్వరము నిలుచుట, మీటులు సమముగా వినబడుట అను ఈ రెండు వరములను యంత్రమే ప్రసాదించును. అవి తన చేతివని వాయించువాడు భ్రమపడుట సహజము.

సర్ఫ్ సంగీతమున తరంగము హద్దు దాటరాదు. అట్లని ధ్వని చిన్నదిగా నుండుటకును వీలులేదు. వందలాది జనము నాట్యమాడు పెద్ద హాలు నిండవలెను. కనుక హద్దునే పైకి జరుపవలసి వచ్చినది. డిక్ డేల్ వాయింపునకు ఆనాటి ఆంప్లిఫయర్లు, స్పీకర్లు పదేపదే కాలిపోవుచుండగా, గిటారుల నిర్మాత లియో ఫెండర్ అతని కొరకు మరింత శక్తి గల షోమన్ అను యంత్రమును, 15 అంగుళముల స్పీకరుతో తయారుచేసెను. ఒకరు యంత్రము విరుగకుండుటకై శక్తి పెంచిరి. తరువాతి వారు ఆ శక్తితోనే దానిని విరుగగొట్టి క్రొత్త నాదము సంపాదించిరి. విద్యుత్ గిటారు చరిత్రలో ఇంతకంటె చమత్కారమైన ఘట్టము మరియొకటి లేదేమో.

శుద్ధమైన ధ్వనిలో స్వరము త్వరగా తరిగిపోవును గదా, మరి హాలంతయు హోరెత్తుట ఎట్లు? దీనికి రెండు ఉపాయములు కలవు.

మొదటిది చేతిది. ఒకే స్వరమును బిళ్లతో క్రిందికి, పైకి ఎడతెగక మీటుట. నిమిషమునకు 170 దరువుల వేగమున దరువునకు నాలుగు మీటుల వంతున వాయించినచో సెకనుకు 11 మీటులు దాటును. స్వరము చచ్చుటకు వ్యవధి ఎక్కడిది? ఇక్కడ హెవీ మెటల్ సాధకునకు తన పాత ఆస్తి అక్కరకు వచ్చును. ఆ సంగీతమునను ఇదే విధమగు శీఘ్రమైన మీటు కలదు. అయితే అతడు సాధించినది వేగము మాత్రమే. క్రింది మీటు, పై మీటు సమబలముతో పడుచున్నవో లేవో అతడు ఎన్నడును విని యుండడు. డిస్టార్షన్ మరను సున్నకు త్రిప్పి, నిమిషమునకు 80 దరువుల వద్ద మొదలుపెట్టి చూచినచో పై మీటు ఎంత బలహీనముగా నున్నదో అతనికే తెలియవచ్చును. మారినవారికి మొదటి నెలలో కష్టమంతయు ఇక్కడనే.

రెండవది స్ప్రింగుది. గుహలో పాడినచో గోడలనుండి ప్రతిఫలించిన ధ్వనులు ఒకదాని వెంట ఒకటి వచ్చి నాదము సాగును. దీనిని ప్రతినాదము అందురు. ఈ గుహను ఒక పెట్టెలో ఇముడ్చుటకు హేమండ్ ఆర్గన్ కంపెనీవారు స్ప్రింగులను వాడుచుండిరి. తన గానమునకు అట్టి నిండుదనము కావలెనని తాను కోరినట్లు డేల్ చెప్పుచుండెను. 1961లో ఫెండర్ సంస్థ ఈ స్ప్రింగులతో విడి పెట్టెను విక్రయింప నారంభించెను. గాత్రమున కన్న గిటారునకే అది బాగుగా అతికెను.

ఈ పెట్టె పని సులభముగా తెలియునట్టిదే. గిటారునుండి వచ్చిన విద్యుత్తు ఒక తీగచుట్టలో ప్రవహించి, స్ప్రింగు కొనకు తగిలించిన బుల్లి అయస్కాంతమును మెలిత్రిప్పును. ఆ మెలిక అలవలె స్ప్రింగు పొడవున ప్రాకి, రెండవ కొనవద్ద మరియొక చుట్టలో తిరిగి విద్యుత్తుగా మారును. కొంత భాగము వెనుకకు మరలి, కొనలమధ్య పదేపదే రాకపోకలు సాగించును. ఒక్కసారి దాటుటకు సుమారు 35 మిల్లీసెకన్లు పట్టినదనుకొందము. ధ్వని గాలిలో సెకనుకు 340 మీటర్లు పోవును గనుక ఆ వ్యవధిలో 12 మీటర్లు పోగలదు. అనగా ఆరు మీటర్ల దూరముననున్న గోడను తాకి వచ్చిన ప్రతిధ్వనితో సమానము. అంతటి గది చేతి పొడవు కూడ లేని స్ప్రింగులో ఇమిడినదన్నమాట. అయితే గాలికిని స్ప్రింగుకును ఒక భేదము కలదు. గాలిలో అన్ని పౌనఃపున్యములును ఒకే వేగముతో పోవును. స్ప్రింగులో అట్లు పోవు. ఒక్కసారిగా లోనికి వచ్చిన టక్కుమను చప్పుడు, దాని భాగములు వేర్వేరు వేళలకు చేరుటచే చెదరి, నీటిబొట్టు కుండలో పడినట్లు వినిపించును. శాస్త్రజ్ఞుని దృష్టిలో ఇదియు దోషమే. సర్ఫ్ గిటారునకు ఇది ప్రాణము. అరచేతి అంచును గుర్రము దగ్గర తీగలపై ఆనించి అణచి మీటుట మెటల్ సాధకునకు చక్కగా వచ్చిన విద్య. అక్కడ అది దంచుచున్నట్లు మ్రోగును. స్ప్రింగు పెట్టెలోనికి పంపినచో అదే మీటు బొట్లుబొట్లుగా రాలును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. అలవాటు విడువలేక కొందరు స్ప్రింగు పెట్టె తరువాత డిస్టార్షన్ యంత్రమును ఉంచుదురు. ప్రతినాదము అసలు స్వరములో పదవ వంతున్నదనుకొన్నను, పది రెట్లకు హద్దు దాటించు యంత్రము ఆ రెండిటిని ఒకే మట్టమునకు తెచ్చివేయును. స్వరమేదో దాని నీడ యేదో తెలియక అంతయు బురదయగును.

తీగల సంగతి విద్యార్థులు లెక్కకట్టి చూడదగినది. తీగ పౌనఃపున్యము బిగువుయొక్క వర్గమూలమునకు అనులోమముగాను, తీగ వ్యాసమునకు విలోమముగాను ఉండును. కావున పొడవు, స్వరము మారకుండ తీగను లావు చేసినచో బిగువు వ్యాసవర్గము ననుసరించి పెరుగును. మెటల్ వాయించువారిలో పలువురు 0.009 అంగుళము వ్యాసముగల మొదటి తీగను వాడుదురు. సాధారణమైన గిటారు పొడవునకు దాని బిగువు సుమారు 6 కిలోల బరువు. దానిని 0.012కు మార్చినచో బిగువు 16/9 రెట్లు, అనగా దాదాపు 10.5 కిలోలగును. డిక్ డేల్ వాడినవి ఇంకను లావైనవి. అతని మొదటి తీగ 0.016 అంగుళమని చెప్పుదురు. లావు తీగ సన్నదానివలె ఊగిపోక బిళ్లకు ఎదురు నిలుచును. వేగమైన మీటు స్పష్టముగా పడును.

బ్లాక్ సబ్బాత్ గిటారు విద్వాంసుడు టోనీ అయోమీ కథ దీనికి సరిగా తలక్రిందులు. 1965లో, పదిహేడేండ్ల వయస్సున, లోహపు రేకుల కార్ఖానాలో పనిచేయుచు అతడు తన కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. అతడు ఎడమచేతి వాటము వాడు. అనగా తీగలను నొక్కవలసిన వ్రేళ్లే పోయినవి. ఇక వాయింపలేవని వైద్యులు చెప్పినను వినక, ప్లాస్టిక్ సీసాను కరిగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని వానిపై తోలు అంటించెను. లావు తీగలు ఆ వ్రేళ్లకు బాధాకరము గనుక సన్నవి వాడెను. తరువాత 1971 నాటి రికార్డులో కొన్ని పాటలకు తీగలను మూడు అర్ధస్వరములు దించెను. అపుడు పౌనఃపున్యము 16 శాతము, దాని వర్గము ననుసరించు బిగువు 29 శాతము తగ్గును. తరువాత ఎందరో అనుకరించిన ఆ మంద్రనాదము వెనుక గాయపడిన వ్రేళ్ల అవసరము కూడ నున్నది. డిక్ డేల్ కూడ ఎడమచేతి వాటము వాడగుట ఒక విచిత్రము.

తీగ లావైన వెంటనే మరియొక చిక్కు వచ్చును. మెట్టుపై తీగను ప్రక్కకు లాగి స్వరమును పైకి ఎక్కించుట వైణికులకు వలెనే మెటల్ వాద్యకులకును ప్రీతి. 10 కిలోల బిగువుగల తీగ అంత తేలికగా లొంగదు. సర్ఫ్ పద్ధతిలో ఈ పని వ్రేళ్లది కాదు. గుర్రమునకు తగిలించిన చిన్న ఇనుప చేతిపిడిది. దానిని మెల్లగా ఊపినచో అన్ని తీగల బిగువును ఒక్కసారి మారి స్వరము అలవలె ఊగును. ఫెండర్ సంస్థ దీనికి ట్రెమొలో అని పేరుపెట్టెను. శాస్త్రములో ఆ మాటకు అర్థము ధ్వని పరిమాణము ఊగుట; స్వరము ఊగుట వైబ్రటో. తప్పు పేరే స్థిరపడినది, ఇపుడు ఎవరును మార్చలేరు.

కూర్పులలో కూడ స్వేచ్ఛ పెరుగును. డిస్టార్షన్ యంత్రములోనికి రెండు స్వరములు కలిసిపోయినచో వాని పౌనఃపున్యముల మొత్తము, భేదము గల క్రొత్త స్వరములు పుట్టును. షడ్జమము 82.4, పంచమము 123.5 అయినచో భేదము 41.1, ఇది షడ్జమమునకు సరిగా స్థాయి క్రింద పడును, కనుక నిండుగా నుండును. అందుచేతనే మెటల్‌లో స-ప జంటకు అంతటి ప్రాధాన్యము. మూడు నాలుగు స్వరముల కూర్పును అట్లే పంపినచో పొసగని క్రొత్త స్వరములు పుట్టి చెవికి గరుకుగా నుండును. శుద్ధధ్వనిలో ఈ బెడద లేదు. షాన్‌టేస్ బృందము వాయించిన ‘పైప్‌లైన్’ వంటి 1963 నాటి రచనలలో నిండు కూర్పులు హాయిగా వినబడుటకు కారణమిదియే.

1964లో బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టిన పిమ్మట సర్ఫ్ సంగీతము వెనుకబడెను. 1994 నాటి ‘పల్ప్ ఫిక్షన్’ చలనచిత్రము దానిని మరల లోకమునకు వినిపించినది. అందులోని ‘మిసర్లూ’ డిక్ డేల్ 1962లో వాయించినది. ఆ వరుస అతని స్వంతము కాదు. తూర్పు మధ్యధరా ప్రాంతమునకు చెందినది, 1927లోనే గ్రీకు భాషలో రికార్డయినది. డేల్ తండ్రి వంశము లెబనాన్ దేశమునకు చెందినది గనుక బాల్యమునుండి ఇట్టి వరుసలు అతనికి పరిచితములు. గిటారుపై దీనిని చాలవరకు ఒక్క మంద్ర తీగమీదనే వాయించెను.

దాని స్వరస్థానములు తెలుగు విద్యార్థికి క్రొత్తవి కావు. షడ్జమము, శుద్ధ రిషభము, అంతర గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, శుద్ధ ధైవతము, కాకలి నిషాదము; అనగా సంగీతపాఠము మొదటి రోజున సరళీ స్వరములు నేర్పు మాయామాళవగౌళ మేళమే. ఇది మన సంగీత ప్రభావమని అర్థము కాదు. గమకములు, సంచారములు పూర్తిగా వేరు. మెట్లు మాత్రమే సమానము. స-రి నడుమ అర్ధస్వరము మెటల్‌లో నిత్యము వాడునదే గనుక మారిన సాధకుని వ్రేళ్లకును ఈ బాట అపరిచితము కాదు. అతడు చేయవలసినదెల్ల మంద్ర తీగపై ఈ ఏడు స్వరములను, స్వరమునకు నాలుగు మీటుల వంతున, మొదట స్ప్రింగు పెట్టె కూడ లేకుండ వాయించి వినుట. ఇరువది ఎనిమిది మీటులును ఒకే బరువున పడిన రోజున పెట్టె మరను త్రిప్పవచ్చును.