216: రోడ్డు బోర్డు మీది ఘనం

మచిలీపట్నం నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోయి పులిగడ్డ వంతెనపై కృష్ణను దాటే జాతీయ రహదారి నంబరు 216. ఆ నంబరు ఇచ్చినవాళ్లు గణితం చూసి ఇవ్వలేదు. కత్తిపూడి దగ్గర 16వ రహదారిని వదిలి ఒంగోలులో మళ్లీ దాన్నే కలుస్తుంది కనుక, 2010 నాటి పద్ధతిలో 16కు ముందు 2 చేరింది, అంతే. గుడివాడ మీదుగా వెళ్లేది 65కు కొమ్మ, అందుకే 165. అయినా 216 అరుదైన సంఖ్యే. 216 పాచికలుంటే ఎటు చూసినా ఆరేసి వచ్చేలా ఒక పెద్ద ఘనం పేర్చవచ్చు. దాన్ని విప్పి 27, 64, 125గా పంచండి. మూడు, నాలుగు, ఐదు పాచికల కొలతతో మూడు చిన్న ఘనాలు నిలబడతాయి, ఒక్క పాచికా మిగలదు.

వెతికితే ఏ సంఖ్యలోనైనా ఏదో ఒక వింత దొరుకుతుందిగా అనవచ్చు. నిజమే, 1, 3, 5, 7, 9ల వర్గాలు కూడితే 165 వస్తుంది. కానీ 216ది అలాంటి అలంకారం కాదు. ఒక ఘనాన్ని రెండు ఘనాలుగా విడగొట్టడం ఎప్పటికీ కుదరదు. 18వ శతాబ్దంలో ఆయిలర్ దీని నిరూపణకు దారి వేశాడు. కనీసం మూడు కావాలి. అలా మూడుగా విడిపోయే ఘనాల్లో అన్నిటికన్నా చిన్నది 216. తర్వాతిది 729 (1, 216, 512). రామానుజన్ 1729లో వెయ్యి పక్కన నిలిచేది అదే. మూడు, నాలుగుల వర్గాలు కలిస్తే ఐదు వర్గమని బడిలో చదివాం. ఘనాల్లోనూ ఆ వరస సాగింది. మరి నాలుగో ఘాతంలో? 3, 4, 5, 6లకు మొత్తం 2258. ఏడుకు 2401. అక్కడ 143 తక్కువ పడింది.