ఒక్క మార్పు.. మలుపు తిరిగిన ఫైనల్స్

ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో నాలుగు విజయాలు దక్కేవరకు ఒకే ప్రత్యర్థితో తలపడాలి. అందుకే ఎవరిని ఎవరు అడ్డుకోవాలన్న ఎంపిక ఎంతో కీలకం. 2015 ఫైనల్స్ ఇందుకు చక్కని ఉదాహరణ.

మూడు మ్యాచ్‌లు ముగిసేసరికి క్లీవ్‌ల్యాండ్ కావలియర్స్ 2-1తో ఆధిక్యంలో నిలిచింది. కెవిన్ లవ్, కైరీ ఇర్వింగ్ గాయాలతో దూరమైనా లెబ్రాన్ జేమ్స్ జట్టు భారాన్ని భుజాన వేసుకున్నాడు. దీంతో గోల్డెన్ స్టేట్ వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ నాలుగో మ్యాచ్‌లో సాహసం చేశాడు. ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను తప్పించి, ఆ సీజన్‌లో అంతవరకు బెంచ్ నుంచే బరిలోకి దిగిన ఆండ్రే ఇగ్వడాలాకు తొలి ఐదుగురిలో చోటిచ్చాడు.

ఎత్తు తగ్గింది, వేగం పెరిగింది. ఎత్తులో దొరికిన అనుకూలతతో క్లీవ్‌ల్యాండ్ సెంటర్ టిమోఫీ మోజ్‌గోవ్ 28 పాయింట్లు సాధించాడు. అయినా జేమ్స్ 20 పాయింట్లకే పరిమితం కావడంతో వారియర్స్ 103-82తో గెలిచింది. తర్వాతి రెండు మ్యాచ్‌లూ నెగ్గి, 40 ఏళ్ల అనంతరం టైటిల్ అందుకుంది.

సిరీస్‌లో జేమ్స్ సగటున 35.8 పాయింట్లు చేశాడు. అతడిని పూర్తిగా ఆపడం ఎవరికీ సాధ్యం కాలేదు. ప్రతి పాయింటుకూ అతడిని శ్రమించేలా చేసిన ఇగ్వడాలాకే ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది.