ఓడల కార్ఖానా నుంచి గుండె దాకా

బళ్లారి సత్యనారాయణపేటలో గుండె పరీక్షకు పోయినవాళ్లు తెలుగులో అడిగినా కన్నడంలో అడిగినా ప్రశ్న ఒకటే: "పంపింగ్ ఎంతుంది సార్?" ఆ జవాబు చెప్పే ఎకో పరీక్షా, మైసూరు రాష్ట్రంలో బళ్లారి కథా ఒకే నెలలో మొదలయ్యాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, బళ్లారి మైసూరులో కలిసింది. అదే నెల 29న స్వీడన్‌లోని లుండ్‌లో డాక్టర్ ఇంగె ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్స్ కలిసి గుండె కదలికను అతిధ్వనితో మొదటిసారి నమోదు చేశారు.

అంతకు ముందు మాల్మోలోని ఓడల కార్ఖానాలో, లోహంలోని పగుళ్లను అతిధ్వనితో పట్టుకునే యంత్రాన్ని హెర్ట్స్ తన రొమ్ముకే ఆనించి చూసుకున్నాడు. తెర మీద ఒక గీత గుండెతో పాటు ముందుకూ వెనక్కూ ఆడింది! తర్వాత సీమెన్స్ కంపెనీ అలాంటి యంత్రాన్నే వాళ్లకు అరువిచ్చింది. ఎడ్లర్ వెతికింది మాత్రం రక్తనాళాల జబ్బును కాదు, మిట్రల్ కవాటం జబ్బును.

ఇప్పుడు ఎడమ పక్కకు పడుకోబెట్టి, చల్లని జెల్లీ పూసి, పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనిస్తారు. అది పంపే ధ్వని ఒంట్లో సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. 15 సెంటీమీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి దానికి సెకనులో 5000వ వంతు చాలు. ఆ ప్రతిధ్వనుల నుంచే తెర మీద గుండె బొమ్మ కడుతుంది.

ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి. మామూలు ఎకోలో గుండె రక్తనాళంలోని బ్లాకు కనబడదు. కనబడేది దాని దెబ్బ తిన్న కండ. రక్తం ఆగిన చోట గుండె గోడ ముడుచుకోవడం మానేస్తుందని 1935లోనే టెన్నంట్, విగ్గర్స్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో చూపారు. అందుకే డాక్టరు, ఒంటికి రక్తం పంపే గది అయిన ఎడమ జఠరికను 16, 17 ముక్కలుగా లెక్కగట్టి, ఏ ముక్క లోపలికి ముడుచుకుని మందమవుతోంది, ఏది మందకొడిగా ఉందని చూస్తారు. పంపింగ్ 60 శాతం అంటే, నిండిన రక్తంలో నూటికి 60 వంతులు బయటికి పోయిందని. ఆ అంకె బాగున్నా ఒక గోడ బలహీనంగా ఉండొచ్చు.

నాళం సగానికి పైగా పూడినా, పడుకున్న మనిషికి వచ్చే రక్తం చాలొచ్చు. నడిపించో, డోబుటమిన్ మందు ఎక్కించో తీసే స్ట్రెస్ ఎకోలో అప్పుడు లోపం బయటపడుతుంది.

కాబట్టి రిపోర్టులో నార్మల్ అని ఉన్నా, మెట్లెక్కేటప్పుడు రొమ్ము బిగబట్టినట్లుంటే ఆ మాట దాచకండి, డాక్టరుకు చెప్పండి. కదలకుండా ఉన్నప్పుడు కూడా ఆ నొప్పి తగ్గకపోతే ఎకో కోసం ఆగకండి. వెంటనే ఆస్పత్రికి పోండి.