హద్దురాయి లేని నీరు: సర్ క్రీక్ వివాదం, తెలుగు మత్స్యకారులు

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట, కోదాడ దాటాక రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర చెక్‌పోస్టు వస్తుంది. తెలంగాణ అక్కడ ముగుస్తుందని ఎవరూ చెప్పనక్కరలేదు. మిర్యాలగూడ ప్రాంతం వారికి మరో రకం సరిహద్దు కూడా తెలుసు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర ఒడ్డున నిలబడితే ఎదుటి గట్టు పల్నాడు. రెండు గట్లూ ఎవరివో తెలుసు గాని, నీటి మధ్యలో హద్దు ఎక్కడుందో నీటిని చూసి చెప్పలేము. ఈ రెండు దృశ్యాలనూ మనసులో ఉంచుకొని ఈ పాఠం చదవండి. సముద్రపు హద్దు రెండో రకానిది, పైగా అక్కడ గట్టు కూడా కనిపించదు.

5.1 ఏమి జరిగింది?

2018 నవంబరు చివరలో గుజరాత్ తీరంలోని వేరావల్ నుంచి వేటకు వెళ్ళిన కొన్ని మరపడవలను పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ పట్టుకుంది. పడవల యజమానులు గుజరాత్ వారు. వాటిలో పనిచేస్తున్నవారిలో ఇరవైమందికి పైగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు. వారిని కరాచీ జైలులో ఉంచారు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్ ఘటనలు జరిగాయి. ఆగస్టులో 370వ అధికరణం విషయమై పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను వెనక్కి పంపింది. ఈ పరిణామాలతో మత్స్యకారులకు ఏ సంబంధమూ లేదు, కాని వారి విడుదల మాత్రం వాటితో ముడిపడిపోయింది. చివరకు 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు మీదుగా స్వదేశం చేరారు. పదమూడు నెలలకు పైగా గడిచాయి. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఈ ఘటనే ఆధారం. తండేల్ అంటే పడవ నాయకుడు. సినిమా చూసినవారు కథను పక్కన పెట్టి, అందులో చూపించని చట్టం గురించి ఇక్కడ తెలుసుకోండి.

శ్రీకాకుళం వారు గుజరాత్ దాకా ఎందుకు వెళ్ళారన్నది న్యాయమైన ప్రశ్న. అరేబియా సముద్రంలో గుజరాత్ వైపు లోతు తక్కువగా ఉండే ఖండతీరపు అంచు చాలా విశాలమైనది, చేపలు ఎక్కువ. శ్రీకాకుళం తీరంలో పెద్ద పడవలు నిలిపే హార్బరు లేక, అక్కడి యువకులు ఏటా నెలల తరబడి వలస పోతున్నారు. ఎచ్చెర్ల మండలంలోని డి. మత్స్యలేశం వంటి గ్రామాలకు ఇది ఏళ్ళనాటి అలవాటు. మన పాలమూరు వలసలతో పోల్చి చూడండి.

5.2 సముద్రంలో ఎవరి హక్కు ఎంత?

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడతారు. జవాబుపత్రాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను: చాలామంది 200 నాటికల్ మైళ్ళ వరకూ దేశ భూభాగమేనని రాస్తారు. అది తప్పు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు ప్రాదేశిక జలాలు. అక్కడ తీరదేశానికి సార్వభౌమత్వం ఉంటుంది. 200 మైళ్ళ వరకూ ఉన్నది ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడ చేపలు, ఖనిజాలు వంటి వనరులపై తీరదేశానికి హక్కు ఉంటుంది, కాని ఇతర దేశాల నౌకలు స్వేచ్ఛగా ప్రయాణించవచ్చు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఈ ఒప్పందాన్ని భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ధ్రువీకరించాయి.

ఒప్పందంలోని 73వ అధికరణం మనకు అత్యంత ముఖ్యం. ఆర్థిక మండలిలో అనుమతి లేకుండా చేపలు పట్టే విదేశీ నౌకను తీరదేశం పట్టుకోవచ్చు. అయితే తగిన పూచీకత్తు చెల్లిస్తే నౌకను, సిబ్బందిని వెంటనే విడిచిపెట్టాలి. రెండు దేశాల మధ్య ప్రత్యేక అంగీకారం ఉంటే తప్ప, చేపల వేట నేరానికి జైలు శిక్ష వేయకూడదు. మన 1981 నాటి విదేశీ నౌకల చేపల వేట నియంత్రణ చట్టం కూడా ఈ తేడాను పాటిస్తుంది. ప్రాదేశిక జలాలలో నేరానికి జైలు శిక్ష ఉంది, ఆర్థిక మండలిలో నేరానికి జరిమానాయే.

మరి కరాచీలో పదమూడు నెలలు ఎలా సాధ్యమైంది? ప్రాదేశిక జలాలకు 73వ అధికరణం వర్తించదు. పట్టుబడిన చోటు ఏ మండలంలోనిదో, అసలు ఎవరిదో తేలాలంటే ముందు గీత ఉండాలి. ఆ గీతే లేదు.

5.3 గీత ఎందుకు లేదు?

కచ్, సింధ్ ప్రాంతాల మధ్య సుమారు 96 కిలోమీటర్ల పొడవున సముద్రంలోకి సాగే బురద పాయ సర్ క్రీక్. దీనిని పూర్వం బాణ్ గంగ అనేవారు. 1914లో బొంబాయి ప్రభుత్వం కచ్ సంస్థానానికి, సింధ్‌కు మధ్య సరిహద్దుపై ఒక తీర్మానం చేసింది. అందులోని ఒక పేరాను చూపి హద్దు తూర్పు గట్టుమీద ఉందని, అంటే పాయ మొత్తం తమదేనని పాకిస్తాన్ అంటుంది. మరో పేరాను చూపి హద్దు పాయ మధ్యలో ఉందని భారత్ అంటుంది. నౌకలు తిరిగే జలమార్గంలో లోతైన కాలువ మధ్యరేఖయే హద్దు అన్నది అంతర్జాతీయ న్యాయంలోని థాల్వెగ్ సూత్రం. సర్ క్రీక్‌లో నౌకలు తిరగవు కనుక ఆ సూత్రం చెల్లదని పాకిస్తాన్ వాదన. పోటు సమయంలో తిరుగుతాయని మన వాదన.

బురద పాయ కోసం ఇంత తగాదా దేనికని మీకు అనిపించవచ్చు. పొలం కొలిచే సర్వేయరును అడగండి. మొదటి హద్దురాయి జరిగితే దాని నుంచి లాగిన గొలుసు అంతా జరుగుతుంది. సముద్ర సరిహద్దు గీత మొదలయ్యేది పాయ ముఖద్వారం నుంచే. అక్కడ కొద్ది కిలోమీటర్లు అటూ ఇటూ అయితే సముద్రంలో వేల చదరపు కిలోమీటర్లు చేతులు మారతాయి. చమురు, సహజవాయువు ఉండవచ్చన్న ఆశ కూడా ఉంది.

1965 ఘర్షణ తరువాత ట్రిబ్యునల్ 1968లో రాణ్ ఆఫ్ కచ్ సరిహద్దును తేల్చింది గాని, సర్ క్రీక్ దాని పరిధిలోకి రాలేదు. 1999 ఆగస్టులో ఈ ప్రాంతంలోనే భారత వాయుసేన పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని కూల్చింది. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళగా, ఈ కేసు వినే అధికారం తనకు లేదని 2000 జూన్‌లో కోర్టు చెప్పింది. కామన్‌వెల్త్ దేశాలతో వివాదాలను భారత్ ఆ కోర్టు పరిధి నుంచి ముందే మినహాయించుకుంది. 2007లో రెండు దేశాలూ కలిసి పాయను సర్వే చేశాయి. కొలతలు కుదిరాయి, అంగీకారం మాత్రం కుదరలేదు.

బంగ్లాదేశ్‌తో ఇందుకు భిన్నంగా జరిగింది. బంగాళాఖాతంలో సుమారు 25,600 చదరపు కిలోమీటర్ల వివాదంలో 2014 జూలైలో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. భారత్ ఆ తీర్పును అంగీకరించింది. నా దృష్టిలో అది ఓటమి కాదు. మన జాలరికి జి.పి.ఎస్.లో చూసుకోవడానికి ఒక గీత దొరికింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: థాల్వెగ్ సూత్రాన్ని వాడపల్లి వద్ద కృష్ణానదికి అన్వయించి, సర్ క్రీక్ విషయంలో అది ఎందుకు వివాదాస్పదమో నాలుగు వాక్యాలలో రాయండి.

5.4 జైలు నుంచి ఇంటికి

2008 మే 21న రెండు దేశాలూ కాన్సులర్ సదుపాయాలపై ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలి. అరెస్టయిన మూడు నెలలలోపు దౌత్య అధికారులు వారిని కలిసే వీలు కల్పించాలి. శిక్ష పూర్తయి జాతీయత నిర్ధారణ అయిన నెలలోపు విడుదల చేయాలి. అణుకేంద్రాల జాబితాలు మార్చుకునేది కూడా జనవరి 1నే. యుద్ధభయంతో రాసిన జాబితా, చేపలు పట్టేవారి జాబితా ఒకే రోజున చేతులు మారతాయి.

ఆలస్యమంతా 'జాతీయత నిర్ధారణ' దగ్గరే. కరాచీలో ఇచ్చిన పేరు ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్‌కు, అక్కడి నుంచి ఢిల్లీకి, రాష్ట్రానికి, జిల్లాకు, చివరకు గ్రామానికి రావాలి. గుజరాత్ పడవలో పట్టుబడినవాని కాగితాలు శ్రీకాకుళంలో ఉంటాయి. ఉర్దూలో రాసుకున్న తెలుగు ఇంటిపేరు ఇక్కడి రేషన్ కార్డుతో సరిపోవాలి. పైగా 2008 ముంబై దాడికి ఉగ్రవాదులు 'కుబేర్' అనే భారత చేపల పడవను హైజాక్ చేసి వాడుకున్న నాటి నుంచి, ఆ నీటిలో ప్రతి పడవనూ అనుమానంగానే చూస్తున్నారు.

తప్పు ఒకవైపే ఉందనుకోకండి. భారత తీరరక్షక దళం కూడా సింధ్ జాలర్లను పట్టుకుంటుంది, వారూ మన జైళ్ళలో శిక్ష ముగిశాక వేచి ఉంటున్నారు. సంబంధాలు కాస్త మెరుగుపడితే 'సుహృద్భావ సూచన'గా కొందరిని వదులుతారు, చెడితే ఆపుతారు. చట్టప్రకారం హక్కుగా రావలసిన విడుదల దౌత్యంలో కానుకగా మారడం ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా కనిపిస్తుంది. మనుషులు తిరిగి వచ్చినా పడవలు తిరిగి రావడం అరుదు.

2020 జనవరి 1 జాబితా ప్రకారం పాకిస్తాన్ జైళ్ళలో 227 మంది భారత మత్స్యకారులున్నారు. అయిదు రోజుల తరువాత వాఘా దాటిన 20 మంది వారిలోనివారే. 2025 జనవరి 1 జాబితాలో ఆ సంఖ్య 217. అదే రోజు భారత్ ఇచ్చిన జాబితాలో పాకిస్తాన్ మత్స్యకారులు 81 మంది.